రిజిస్టర్‌లో గడి లేని ఆడవాళ్ల కోసం: పునరుత్పత్తి ప్రజారోగ్యంలో మాస్టర్స్ ఎలా చేయాలి

మిరప కోతలు జోరుగా సాగుతున్న రోజులు. గుంటూరుకు గంట దూరంలో ఒక పల్లె, టీకాల రోజు. నాకు నర్సింగ్ పూర్తయి ఏడాదైంది. సబ్‌సెంటర్ వరండాలో ఏఎన్ఎం అక్క పక్కన కుర్చీ వేసుకుని రిజిస్టర్ రాస్తున్నాను. కొత్తగా నెల తప్పిన అమ్మాయి వచ్చింది. "ఆఖరిసారి ఎప్పుడు బయట చేరావమ్మా?" అని అడిగింది అక్క. "ముక్కనుమ మర్నాడు" అంది ఆ అమ్మాయి. అక్క క్షణం కూడా ఆలోచించలేదు. జనవరి 17 అని రాసి, వేళ్ల మీద లెక్కేసి, పక్క గడిలో కాన్పు తేదీ అక్టోబరు 24 అని వేసేసింది.

ఆ అమ్మాయికి తోడుగా వాళ్ల వదిన వచ్చింది. ముప్పై నాలుగేళ్లుంటాయి. ఆమెను కూడా పలకరించాను. "నాకా గొడవ లేదమ్మా, సంచి తీయించేశాను" అంది. ఎందుకంటే తెల్లబట్ట, నడుంనొప్పి. ఉంచుకుంటే క్యాన్సర్ అవుద్దని ఎక్కడో అన్నారట. ఆపరేషన్‌కి చేసిన అప్పు తీర్చడానికి మూడో నెలకే మళ్లీ కోతలకు వెళ్లింది. ఆమె పేరు ఎక్కడ రాయాలో చూశాను. గర్భిణుల పేజీ కాదు, బాలింతల పేజీ కాదు, అర్హులైన దంపతుల పేజీ కూడా కాదు. ఆ రిజిస్టర్‌లో ఆమెకు గడి లేదు.

నేను ఈ చదువులోకి వచ్చింది ఆ గడి కోసమే. ముంబైలో రెండేళ్లు జనాభా శాస్త్రం చదివి, ఇప్పుడు మంగళగిరిలో ఉంటూ ఆరోగ్య సర్వేల పని చేస్తున్నాను. బెజవాడ, గుంటూరు నుంచి నర్సింగ్, ఫార్మసీ, డెంటల్, స్టాటిస్టిక్స్ చదివిన పిల్లలు "అక్కా, ఆ కోర్సు ఎలా చేయాలి?" అని అడుగుతుంటారు. వాళ్లకు విడివిడిగా చెప్పేదంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు ఇదేం చదువో తేల్చుకోండి

ఇది గైనకాలజీ కాదు. డాక్టరమ్మ తన ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషిని చూస్తుంది. ఇక్కడ మీ ఎదురుగా కూర్చునేది ఒక మండలం, ఒక జిల్లా. ఒక్క ఉదాహరణ చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లు. దేశం మొత్తం మీద అది 21.5 శాతం. ఒక జనాభాలో సిజేరియన్లు 10 శాతం దాటాక, ఆ పెరుగుదల వల్ల తల్లీబిడ్డల మరణాలు తగ్గుతున్నట్టు కనిపించడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ఆపరేషన్ చక్కగా చేయడం డాక్టర్ల విద్య. ఇంతమందికి ఆపరేషన్ ఎందుకు జరుగుతోందో, అవసరమైన వాళ్లకే అందుతోందో లేదో కనిపెట్టడం ఈ విద్య.

గర్భనిరోధం, కాన్పు, తల్లుల మరణాలు, అబార్షన్, పిల్లలు కలగకపోవడం, కౌమార దశ ఆరోగ్యం, బాల్యవివాహాలు, ఇంట్లో హింస, వీటన్నిటి వెనకున్న జనాభా లెక్కలు అన్నీ ఇందులోకే వస్తాయి. కొంత చరిత్ర తెలియకపోతే మాత్రం ఈ చదువు ఒంటికి పట్టదు. మన దేశం కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది 1952లో. ఎమర్జెన్సీ కాలంలో బలవంతపు ఆపరేషన్లు జరిగాయి. 1994లో కైరోలో జరిగిన అంతర్జాతీయ సదస్సు జనాభా అంకెల్ని పక్కకు జరిపి, మనిషి ఇష్టాన్ని, హక్కును ముందుకు తెచ్చింది. ఆ ఆలోచనతోనే 1997లో మన దగ్గర ఆర్‌సీహెచ్ (పునరుత్పత్తి, శిశు ఆరోగ్యం) కార్యక్రమం వచ్చింది. అయినా 2014లో బిలాస్‌పూర్ దగ్గర కు.ని. క్యాంపుల్లో ఆడవాళ్లు చనిపోయారు. 2016లో దేవికా బిశ్వాస్ కేసులో, అలాంటి క్యాంపుల్ని మూడేళ్లలో ఆపేయాలని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఇక మన రాష్ట్రం సంగతి. ఇద్దరి కంటే ఎక్కువ మంది పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధన దాదాపు ముప్పై ఏళ్లు నడిచి, 2024లో రద్దయింది. ఇప్పుడు పిల్లల్ని ఎక్కువగా కనమని ముఖ్యమంత్రే చెబుతున్నారు. సంతాన రేటు, అంటే ఒక్కో ఆడమనిషికి సగటున పుట్టే పిల్లల సంఖ్య, 1.7కి పడిపోయిన రాష్ట్రంలో ఇలాంటి మాట రావడం వింతేమీ కాదు. కానీ నిన్న "చాలు" అన్నా, ఇవాళ "కనండి" అన్నా ఆ మాట తగిలేది ఆడమనిషి ఒంటికే. ఈ సంగతి మీ మనసులో గట్టిగా నాటుకుంటే ఈ చదువు మీది.

అర్హత గురించి ఎక్కువ కంగారు పడకండి. నర్సింగ్, ఫార్మసీ, బీడీఎస్, హోంసైన్స్, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్, సోషల్ వర్క్, ఏది చదివినా దారి ఉంది. ఎంబీబీఎస్ వాళ్లకు నీట్ పీజీ మీదుగా కమ్యూనిటీ మెడిసిన్ ఎండీ అనే వేరే బాట కూడా ఉంది. అయితే అది డాక్టర్లకు మాత్రమే.

తర్వాత ప్రశ్న పట్టుకోండి, కాలేజీ కాదు

చాలామంది బెంజ్ సర్కిల్‌లో ఏదో కన్సల్టెన్సీ మెట్లెక్కి, "ఎంపీహెచ్‌కి (ప్రజారోగ్యంలో మాస్టర్స్‌కి) ఏ యూనివర్సిటీ వస్తుంది?" అని అడగడంతో మొదలుపెడతారు. అలా మొదలుపెడితే వచ్చేది సీటు మాత్రమే. మీకో ప్రశ్న ఉంటే, ఏ దేశం, ఏ కోర్సు, ఏ ప్రొఫెసర్, వ్యాసంలో ఏం రాయాలి అన్నవి ఆ ప్రశ్నే చెబుతుంది.

ప్రశ్నల కోసం దూరం పోనక్కర్లేదు. గర్భసంచి సంగతే తీసుకోండి. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతమైతే, ఆంధ్రాలో 8.9 శాతం. దేశంలో అందరికంటే మనమే ముందున్నాం. 2023లో సుప్రీంకోర్టు కూడా అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల మీద తీర్పు ఇచ్చి, రాష్ట్రాలు నిఘా పెట్టాలంది. మరి గుంటూరు, పల్నాడు పల్లెల్లో కూలికి వెళ్లే ఆడవాళ్లే ఎందుకు ముందు తీయించుకుంటున్నారు? కోతల్లో మరుగుదొడ్డి లేకపోవడమా, నెలసరి రోజుల్లో కూలి పోతుందన్న దిగులా, తెల్లబట్టకు మాత్రలు రాసేవాళ్లు దగ్గర్లో లేకపోవడమా, క్యాన్సర్ భయమా? ఒక్కో కారణానికి పరిష్కారం ఒక్కోలా ఉంటుంది. అందుకే ముందు ప్రశ్న కావాలి.

ఇంకోటి. మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో 70 శాతానికి దగ్గరగా పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ అర శాతం కూడా లేదు. మూడు నెలలకొకటి వేసే అంతర ఇంజెక్షన్, వారానికొకటి వేసుకునే ఛాయ మాత్ర 2017 నుంచి ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నాయి. ఇరవై రెండేళ్లకే ఇద్దరు పిల్లలతో ఆపరేషన్ చేయించుకున్న అమ్మాయిని ఆ పేర్లు ఎప్పుడైనా విన్నావా అని అడిగి చూడండి.

బెజవాడ సూర్యారావుపేటలో నడుస్తుంటే సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు వరసగా కనిపిస్తాయి. ఆ మెట్లెక్కేవాళ్లు ఎన్ని అప్పులు చేస్తున్నారో, 2021లో వచ్చిన చట్టం వాళ్లకు ఏ మేరకు రక్షణ ఇస్తోందో, అదీ ఒక ప్రశ్నే. 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతానికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిందన్నది మరో ప్రశ్న.

మీ ప్రశ్న గట్టిదో కాదో చూసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. దీనికి జవాబు కావాలంటే ఎవరిని అడగాలి? ఎంతమందిని? ఏం లెక్కపెట్టాలి? ఈ మూడింటికీ తడుముకోకుండా ఏదో ఒకటి చెప్పగలిగితే అది చదువుకు పనికొచ్చే ప్రశ్న. "మహిళా సాధికారత" లాంటి జవాబు వస్తే ఇంకా కిందికి దిగాలి.

ఆరు నెలలు రిజిస్టర్ పక్కన కూర్చోండి

దీన్ని ఎవరూ దాటేయొద్దు. సీటు కోసం మాత్రమే కాదు, ఈ పని మీకు సరిపడుతుందో లేదో తెలియడానికి కూడా.

ముందు అనుమతి. మీ డిగ్రీ కాలేజీ నుంచి గానీ, పనిచేస్తున్న సంస్థ నుంచి గానీ ఒక లెటర్ తీసుకుని జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి ఆఫీసులో ఇవ్వండి. తర్వాత పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌ని కలవండి. చెప్పకుండా వెళ్లి కూర్చుంటే ఏఎన్ఎంకు మాట వస్తుంది. ఎవరి పేరూ మీ పుస్తకంలో రాసుకోకండి. రిజిస్టర్‌ని ఫోన్‌లో ఫొటో తీయొద్దు, అందులో ఉన్నవి ఒకరి ఇంటి గుట్లు. రేపు ఎథిక్స్ కమిటీ ముందు నిలబడినప్పుడు పనికొచ్చే అలవాట్లు ఇక్కడే పడతాయి.

ప్రతి నెలా 9వ తేదీన గర్భిణుల ప్రత్యేక పరీక్షలుంటాయి. కేంద్ర ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన కార్యక్రమం అది. ఆ రోజు పొద్దున్నే వెళ్లండి. హెచ్‌బీ, అంటే రక్తంలో హిమోగ్లోబిన్, 7కి పడిపోయిన అమ్మాయికి ఐరన్ మాత్రలు ఇస్తే, "ఇవి వేసుకుంటే బిడ్డ నల్లగా పుడతాడంట" అని అత్తగారు పక్కన పెట్టించేస్తుంది. ఆశా వర్కర్ ఆ అత్తగారితో ఎలా మాట్లాడుతుందో వినండి. ఏ పాఠంలోనూ అంత నేర్పు దొరకదు.

మాటలు కూడా రాసుకోండి. తెల్లబట్ట, ముట్టు, బయట చేరడం, నీళ్లాడటం, కడుపు పోవడం. నేను చేసిన మొదటి సర్వేలో "మీకెప్పుడైనా అబార్షన్ అయిందా?" అని అడిగాం. చాలామంది అవునన్నారు. తీరా చూస్తే మన ఊళ్లలో కడుపు దానంతటది పోయినా అబార్షనే, తీయించుకున్నా అబార్షనే. రెండు వారాలు చేసిన పని పక్కన పెట్టి, ప్రశ్నను రెండుగా విడగొట్టి, మళ్లీ ఇల్లిల్లూ తిరిగాం. ఆ తప్పు నాదే. ముందే పదిమందితో కూర్చుని మాట్లాడి ఉంటే తెలిసేది. ఒకటి చెప్పాలి, మాట ఏదైనా చట్టం మాత్రం మీకు సరిగ్గా తెలిసి ఉండాలి. అబార్షన్ చట్టం 1971 నాటిది. 2021 సవరణతో కొన్ని కేసుల్లో 24 వారాల దాకా అనుమతి ఉంది.

లెక్కలంటే జంకు వదిలించుకోండి

ఈ కోర్సులో సగం లెక్కలే. భయపడేంత కష్టమేమీ కాదు, కానీ తప్పించుకోవడం కుదరదు. పదో తరగతి శాతాలు, సంభావ్యత మళ్లీ తిరగేయండి. ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, దాంతో చేయి తిప్పడం అలవాటు చేసుకోండి.

అభ్యాసానికి ఒక పని చెబుతాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జిల్లా ఫ్యాక్ట్‌షీట్లు నెట్‌లో ఊరికే దొరుకుతాయి. నాలుగో సర్వేది (2015-16), ఐదో సర్వేది (2019-21) పక్కపక్కన పెట్టుకుని, గుంటూరు, కృష్ణా జిల్లాలకు ఐదు అంశాలు పోల్చండి. ఎన్టీఆర్ జిల్లా, పల్నాడు జిల్లా అని వెతికితే దొరకవు. మన జిల్లాలు 13 నుంచి 26 అయ్యింది 2022 ఏప్రిల్‌లో. సర్వే నాటికి బెజవాడ కృష్ణా కిందే ఉంది, నరసరావుపేట గుంటూరు కిందే ఉంది. పోల్చిన తర్వాత ఒక్క పేజీ రాయండి. ఏది పెరిగింది, ఏది తగ్గింది, అది నిజంగా మారిందా లేక శాంపిల్ వల్ల అలా కనిపిస్తోందా?

ఆ చివరి ప్రశ్న దగ్గరే మంచి విద్యార్థి తేలతాడు. తల్లుల మరణాల రేటు చూడండి. 2018-20లో బిడ్డ ప్రాణాలతో పుట్టిన లక్ష కాన్పులకు దేశంలో 97, ఆంధ్రాలో 45. మరి గుంటూరు జిల్లాకు ఎంత అని సర్వేలో వెతికితే కనిపించదు. లక్షకు 45 అంటే పదివేల కాన్పులకు నాలుగో ఐదో. జిల్లాలో కొన్ని వందల ఇళ్లు తిరిగే సర్వేకు అలాంటి మరణం ఒక్కటి కూడా తగలకపోవచ్చు, అనుకోకుండా రెండు తగలొచ్చు. సున్నా వచ్చినా తప్పే, రెండొచ్చినా తప్పే. అందుకే జిల్లాల్లో ఒక్కో మరణాన్నీ విడిగా విచారించే పద్ధతి ఉంది. ఇది అర్థమైన రోజున మీకు ఎపిడెమియాలజీ, అంటే జబ్బులూ మరణాలూ జనంలో ఎలా ఉన్నాయో లెక్కగట్టే శాస్త్రం, సగం వచ్చినట్టే.

ఎక్కడ చదవాలి

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. మీ ప్రశ్న మన ఊళ్లదైతే, మాస్టర్స్ ఇక్కడే చేయండి. ఇక్కడ చదివి, రెండు మూడేళ్లు పనిచేసి, అప్పుడు స్కాలర్‌షిప్ మీద బయటికి వెళ్లండి. అప్పుచేసి ఇరవై రెండేళ్లకే వెళ్లడం కంటే ఇదే మేలు.

ముంబై దేవనార్‌లో అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ ఉంది. అందరూ ఐఐపీఎస్ అంటారు. 1956లో పుట్టింది. కుటుంబ ఆరోగ్య సర్వే నడిపేది వాళ్లే. సంతాన రేటు, గర్భనిరోధం, మరణాల లెక్కలు చేతితో నేర్చుకోవాలంటే దేశంలో దానికి సాటి లేదని నా నమ్మకం, నేను అక్కడి నుంచే వచ్చాను కాబట్టి కొంత మమకారం కలిసి ఉండొచ్చు. ఆరోగ్యాన్ని సమాజం వైపు నుంచి, కులం, పేదరికం వైపు నుంచి చూడాలనుకుంటే ముంబైలోనే ఉన్న టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్), ఢిల్లీ జేఎన్‌యూలోని సోషల్ మెడిసిన్ సెంటర్ మంచివి. తిరువనంతపురం శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలోని అచ్యుత మీనన్ సెంటర్ ఎంపీహెచ్‌కి ఎప్పటి నుంచో పేరుంది. దగ్గర్లో కావాలంటే హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ ఉంది. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో చాలావరకు సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. దాని ప్రకటన చలికాలంలో వస్తుంది, పరీక్ష ఎండలు ముదిరేలోపు అయిపోతుంది. ఏ సంస్థ ఏ పేపర్ అడుగుతోందో దాని ప్రకటనలోనే చదవండి, ఎవరో చెప్పింది నమ్మి పేపర్ తప్పు ఎంచుకున్నవాళ్లను చూశాను.

కొన్ని ప్రైవేటు కాలేజీలు ఎంపీహెచ్ పేరుతో రెండేళ్లు పాఠాలు చెప్పి, ఫీల్డ్ చూపించకుండా పంపేస్తాయి. చేరే ముందు రెండు అడగండి. ఫీల్డ్‌వర్క్ ఎన్ని వారాలు? పోయిన బ్యాచ్ పిల్లల థీసిస్‌లు చూపిస్తారా? నసిగితే బయటికి వచ్చేయండి.

బయటి దేశాల సంగతి. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ బ్లూమ్‌బర్గ్ స్కూల్లో జనాభా, కుటుంబ, పునరుత్పత్తి ఆరోగ్యానికి ఏకంగా ఒక విభాగమే ఉంది. న్యూయార్క్‌లో కొలంబియా మెయిల్‌మన్ స్కూల్లో జనాభా, కుటుంబ ఆరోగ్య విభాగం ఉంది. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌లో పునరుత్పత్తి, లైంగిక ఆరోగ్య పరిశోధన మీద ఒక ఏడాది ఎమ్మెస్సీ ఉంది. అమెరికాలో డిగ్రీ పేర్లు తికమక పెడతాయి. ఎంపీహెచ్ అంటే ప్రజారోగ్యమంతా తిరిగే చదువు. ఎంఎస్‌పీహెచ్, ఎంహెచ్ఎస్ లాంటివి ఒకే విషయంలో లోతుకు వెళ్లేవి. పీహెచ్‌డీ ఆలోచన ఉన్నవాళ్లకు రెండోరకం నయం, ప్రోగ్రాములు నడిపే ఉద్యోగం కావాలనుకునేవాళ్లకు మొదటిది.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. 2025లో అమెరికా ప్రభుత్వం విదేశాలకు సాయం అందించే తన సంస్థ యూఎస్ఎయిడ్‌ను మూసేసింది. అప్పటిదాకా ప్రపంచంలో కుటుంబ నియంత్రణ కార్యక్రమాలకు డబ్బిచ్చిన పెద్ద చేయి అదే. జాన్స్ హాప్కిన్స్ ఒక్కటే రెండు వేలకు పైగా ఉద్యోగాలు తీసేసింది. చదువు విలువ తగ్గలేదు. కానీ అక్కడే ఉద్యోగం దొరుకుతుందన్న లెక్క మీద ఇల్లు తాకట్టు పెట్టొద్దు.

అప్లికేషన్ మీ చేత్తోనే రాయండి

నా మొదటి ప్రయత్నంలో ఒక కన్సల్టెన్సీకి డబ్బు కట్టాను. వాళ్లు రాసిచ్చిన వ్యాసం, నా స్నేహితురాలికి రాసిచ్చిన వ్యాసం పక్కపక్కన పెట్టి చూస్తే పేర్లు తప్ప తేడా లేదు. ఇద్దరికీ సీటు రాలేదు.

"చిన్నప్పటి నుంచి నాకు సమాజసేవ అంటే ఇష్టం" అని మొదలైన వ్యాసాన్ని ఎవరూ రెండో పేరా దాకా చదవరు. దాని బదులు ఇలా మొదలుపెట్టి చూడండి: "నేను ఆరు నెలలు కూర్చున్న సబ్‌సెంటర్ రిజిస్టర్‌లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లను రాయడానికి చోటు లేదు. వాళ్లెంతమందో ఆ పీహెచ్‌సీకే తెలియదు. వాళ్లను లెక్కలోకి తెచ్చే పద్ధతి నేర్చుకోవడానికి ఈ కోర్సుకు వస్తున్నాను." మూడు వాక్యాల్లో ఊరు, సమస్య, మీకు కావలసిన నైపుణ్యం వచ్చేశాయి. ఆ తర్వాత ఆ విభాగంలో ఎవరు ఈ పని చేస్తున్నారో, వాళ్ల పేపర్లలో మీరు ఏది చదివారో, దాంతో మీకెక్కడ పేచీ ఉందో రాయండి. ముందు తెలుగులో రాసుకుని తర్వాత ఇంగ్లీషు చేసుకోండి. తెలుగులో డొల్లగా ఉన్న వాక్యం వెంటనే దొరికిపోతుంది. ఇంగ్లీషులో డొల్లతనం పెద్ద మాటల వెనక దాక్కుంటుంది.

సిఫారసు లేఖలు పదవి చూసి అడగొద్దు, మిమ్మల్ని పనిలో చూసినవాళ్లను అడగండి. ప్రిన్సిపాల్ ఇచ్చే నాలుగు వాక్యాల మెచ్చుకోలు కంటే, పీహెచ్‌సీ డాక్టరు గారు రాసే "ఈ అమ్మాయి మా రిజిస్టర్లలో తప్పు పట్టింది" అన్న మాటకు బరువెక్కువ. రెండు నెలల ముందే అడిగి, మీరు చేసిన పనుల్ని ఒక కాగితం మీద రాసిచ్చి, వారానికోసారి మర్యాదగా గుర్తుచేస్తుండండి.

ట్రాన్స్‌క్రిప్ట్‌ల దగ్గర అందరూ ఇరుక్కుంటారు. అమెరికాలో ప్రజారోగ్య స్కూళ్లలో ఎక్కువ భాగం సోఫాస్ అనే ఒకే పోర్టల్ ద్వారా దరఖాస్తులు తీసుకుంటాయి. మన మార్కులను వెస్ అనే సంస్థ చేత మదింపు చేయించాలి. అంటే నాగార్జున యూనివర్సిటీకో, ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీకో వెళ్లి, ఫీజు కట్టి, సీల్ వేసిన కవర్లు సంపాదించాలి. దీనికి నెల పైనే పెట్టుకోండి. మార్కుల జాబితాలో పేరు ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా ఉంటే ఇవాళే సరిచేయించుకోండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవతో ఒక ఏడాది పోగొట్టుకున్న తమ్ముడు నాకు తెలుసు.

జీఆర్ఈ చాలా స్కూళ్లు తప్పనిసరి కాదంటున్నాయి. ఐఈఎల్‌టీఎస్ గానీ టోఫెల్ గానీ మాత్రం ఉండాలి. అమెరికా గడువులు డిసెంబరు, జనవరి ప్రాంతంలో పడతాయి కాబట్టి ఆగస్టుకల్లా పని మొదలుపెట్టాలి.

డబ్బు లెక్క

అమెరికాలో పేరున్న ప్రైవేటు స్కూల్లో రెండేళ్లకు ఫీజు, తిండి, అద్దె కలిపితే అర కోటి సులువుగా దాటుతుంది. ఈ రంగంలో జీతాలు సాఫ్ట్‌వేర్ జీతాలు కావు. అందుకే స్కాలర్‌షిప్ లేకుండా వెళ్లమని నేను ఎవరికీ చెప్పను.

ఫుల్‌బ్రైట్ నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌లో ప్రజారోగ్యం ఒక విభాగం. దానికి మూడేళ్ల ఉద్యోగానుభవం కావాలి. నాలుగేళ్ల డిగ్రీ గానీ, మూడేళ్ల డిగ్రీ మీద పీజీ గానీ ఉండాలి. బీఎస్సీ నర్సింగ్, బీఫార్మసీ వాళ్లకు ఇక్కడ చిక్కు లేదు. మామూలు మూడేళ్ల బీఎస్సీ వాళ్లు ముందు ఇక్కడ మాస్టర్స్ చేయాల్సిందే. బ్రిటన్ వెళ్లాలంటే చీవెనింగ్ స్కాలర్‌షిప్ ఉంది. దానికి రెండేళ్ల అనుభవం, అంటే 2,800 పనిగంటలు చూపించాలి. చదువయ్యాక తిరిగొచ్చి రెండేళ్లు మన దేశంలో ఉండాలి. నేను ముందే "పనిచేసి వెళ్లండి" అన్నది ఇందుకే.

ఇక్కడి ప్రభుత్వ సంస్థల్లో ఫీజు భారం తక్కువే. లోన్ కావాలంటే విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు లేకుండా ఇచ్చే ఏర్పాటు బ్యాంకులకు ఉంది. బ్రాంచిలో కాదంటే కారణం రాసి ఇవ్వమని అడగండి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు విదేశీ చదువుల పథకం ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరూ నిబంధనలూ మారుతూ వచ్చింది, ఏ ఏడాదికా ఏడాది సంక్షేమ శాఖ ఆఫీసులో కనుక్కోండి.

చదివాక ఏం చేస్తారంటే, జాతీయ ఆరోగ్య మిషన్‌లో జిల్లా, రాష్ట్ర స్థాయి పోస్టులున్నాయి, ఎక్కువగా కాంట్రాక్టువి. యూఎన్ఎఫ్‌పీఏ (ఐక్యరాజ్యసమితి జనాభా నిధి), యూనిసెఫ్, ఫ్యామిలీ ప్లానింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా, పాపులేషన్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా లాంటివి ఉన్నాయి. పరిశోధన ప్రాజెక్టులున్నాయి. లెక్కలు గట్టిగా వచ్చినవాళ్లు ఖాళీగా ఉండటం నేను చూడలేదు.

ఇంట్లో ఎలా చెప్పాలి

నిజానికి చాలామంది ఆగిపోయేది ఇక్కడే. "డాక్టరూ కాదు, లెక్చరరూ కాదు, ఇదేం చదువే?" అంటుంది అమ్మ. పునరుత్పత్తి అన్న మాట వినగానే నాన్న పేపర్ పైకెత్తుకుంటారు. పెదనాన్నకు పెళ్లి సంబంధం గుర్తొస్తుంది.

మా ఇంట్లో మూడు నెలలు ఇదే నడిచింది. ఒక 9వ తేదీన నాన్నను బండి మీద పీహెచ్‌సీకి తీసుకెళ్లాను. బెంచీలు చాలక కడుపుతో ఉన్న అమ్మాయిలు మెట్ల మీద కూర్చున్నారు. నాన్న గంటసేపు వేపచెట్టు కింద నిలబడి చూశారు, ఏం మాట్లాడలేదు. తిరిగొస్తుంటే వెనక సీట్లోంచి "ఆ వరండాలో ఒక్క ఫ్యానైనా లేదేంటి?" అన్నారు. ఆ తర్వాత ఇంట్లో ఎవరు అడ్డుచెప్పినా నాన్నే సమాధానం చెప్పేవారు. మీ ఇంట్లో ఎవరిని తీసుకెళ్లాలో మీకు తెలుసు.

పెద్దవాళ్ల ముందు కండోమ్, లూప్, ముట్టు అన్న మాటలు గొంతు తగ్గించకుండా పలకడం కూడా అలవాటు చేసుకోండి. తడబడే మనిషికి ఏ ఆడమనిషీ తన సంగతి చెప్పదు. మగపిల్లలకు ఇది ఇంకా అవసరం. ఈ రంగంలో మగవాళ్లు చాలా తక్కువ. మగవాళ్ల ఆపరేషన్ గురించి మగవాళ్లతో మాట్లాడేవాళ్లు మరీ కావాలి.

ఈ వారం చేయాల్సింది రెండే పనులు. మీ జిల్లా ఫ్యాక్ట్‌షీట్ డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసుకోండి. అనుమతి లెటర్ టైప్ చేయించండి. టీకాలు బుధవారం, శనివారం ఉంటాయి. తొమ్మిదిన్నరలోపు వెళ్తే ఏఎన్ఎం అక్క పక్కన కుర్చీ ఖాళీగా ఉంటుంది.